మనమైతే తీసుకుంటామా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. ఆనాటి నుండి మా వల్లూరు పరిసరాలలోనే గాక ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు కుటుంబాలలో కూడా ఒక ప్రశ్న వినవస్తున్నది. తండ్రి కువైట్ నుండి తెచ్చిన లాప్‌టాప్, కుమారుడు ఇంజనీరింగ్ చదివిన రోజులలో కొన్న డెస్క్‌టాప్ ఇంట్లో ఉన్నాయి. మీట నొక్కితే పనిచేస్తాయి. కాని విండోస్ 11ను స్వీకరించవు. వాటిని ఏమి చేయాలి? అడిగేవారిలో చాలామంది జవాబును కూడా తామే చెబుతారు: “హజ్రత్, మదరసాకు ఇచ్చేద్దామా? పుణ్యమైనా దక్కుతుంది.”

ఇవ్వాలన్న సంకల్పం మంచిదే. అయితే దానానికి దివ్యఖుర్ఆన్ ఒక గీటురాయిని నిర్ణయించింది. అల్ బఖరా సూరా 267వ ఆయత్ భావం గమనించండి. అదే వస్తువును ఇతరులు మనకిస్తే చూసీ చూడనట్లు కళ్ళు మూసుకుంటే తప్ప తీసుకోలేమే, అటువంటి నాసిరకం వస్తువును ఏరి అల్లాహ్ మార్గంలో ఇవ్వవద్దని అది వారిస్తున్నది. పాత వస్తువు ఇవ్వరాదని దీని అర్థం కాదు. పనికిరాని వస్తువుకు దానమని పేరు పెట్టరాదని దీని అర్థం. కనుక మొదట వేసుకోవలసిన ప్రశ్న “ఎవరికి ఇద్దాం?” అన్నది కాదు. “ఈ స్థితిలో ఎవరైనా ఇస్తే మనమైతే తీసుకుంటామా?” అన్నది.

పాతబడినదల్లా పనికిరానిది కాదు. 1994లో వెలువడిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌తో నస్తాలీఖ్ లిపిలో ఉర్దూ ప్రశ్నపత్రాలు కూర్చడానికి, తెలుగు డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో కరపత్రాలు సిద్ధం చేయడానికి పాత యంత్రం చాలు. ఇంటర్నెట్‌కు కలపకుండా ఆ పనులకే వాడుకుంటే ప్రమాదమూ తక్కువే. భద్రతా సవరణలు అందని యంత్రంలో మాత్రం బ్యాంకు ఖాతా తెరవడం, డబ్బు పంపడం వివేకం కాదు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కు పోతుంటే యంత్రం చెడిపోయిందని నిరాశపడనక్కరలేదు. చాలాసార్లు లోపల ఉండే నాణెమంత బ్యాటరీ మార్చితే సరిపోతుంది.

ఇంటర్నెట్ కూడా కావాలనుకుంటే లినక్స్ ఉన్నది. దానికి రుసుము లేదు. పాత యంత్రాలపై తేలికగా నడిచే రకాలు అందులో ఉన్నాయి, భద్రతా సవరణలూ అందుతుంటాయి. మన తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ లినక్స్‌ను తెలుగులో చదువుకొనగల తెరతో రూపొందించి ఉచితంగా అందించింది. దొంగ ప్రతి వేసుకోవడం కంటే ఇది ధర్మబద్ధమైన మార్గం. విండోస్‌పైనే నడిచే కొన్ని సాఫ్ట్‌వేర్లు దానిలో నడవకపోవచ్చు. తీసుకునేవారికి ఆ మాట ముందే చెప్పాలి.

ఇచ్చినా అమ్మినా, ముందు చేయవలసిన పని ఒకటున్నది. ఆ హార్డ్‌డిస్క్‌లో ఆధార్, పాస్‌పోర్టు నకళ్ళు ఉంటాయి. ఇంటి స్త్రీల ఫోటోలు, నిఖా వీడియోలు ఉంటాయి. ఇతరులు మనల్ని నమ్మి పంపిన పత్రాలూ ఉంటాయి. ఇవన్నీ అమానత్. డిలీట్ చేసినంత మాత్రాన అవి చెరిగిపోవు. పుస్తకంలో విషయసూచిక చింపినా పుటలు మిగిలి ఉన్నట్లు, ఆ సమాచారం డిస్క్‌లోనే ఉంటుంది. తెలిసినవాడు బయటికి తీయగలడు. కావలసినవి వేరేచోట భద్రపరచుకుని, డిస్క్ అంతటినీ పూర్తిగా తుడిచివేసే సాఫ్ట్‌వేర్‌తో చెరిపించాలి. అది చేతగాకపోతే డిస్క్ తీసి తమ వద్దనే ఉంచుకోవాలి. కుటుంబ మర్యాదను అపరిచితుని చేతిలో పెట్టి పుణ్యం ఆశించడం తగదు.

అమ్మదలచినవారు లోపాన్ని దాచరాదు. మదీనా బజారులో ధాన్యపు రాశిలోనికి దైవప్రవక్త (స) చేయి పెట్టి, అడుగున ఉన్న తడిని గుర్తించి, ఆ తడి భాగాన్ని జనులకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుని మందలించిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉన్నది. లాప్‌టాప్ బ్యాటరీ అరగంటలో ఆగిపోతుందని తెలిసి కూడా మౌనం వహించడం ఆ తడిని అడుగున దాచడమే.

ఇక జకాత్ విషయం. సొంత వాడుకకు ఉంచుకున్న కంప్యూటరుపై జకాత్ లేదు. అయితే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అవసరానికి మించి ఊరక పడి ఉన్న వస్తువుల విలువను ఫిత్రా, ఖుర్బానీలు విధి అవుతాయా లేదా అన్న లెక్కలో చేర్చాలి. ఒక వ్యక్తి జకాత్ తీసుకునేందుకు అర్హుడా కాదా అని చూసేటప్పుడు కూడా వాటిని లెక్కించాలి. కంప్యూటరునే జకాత్‌గా ఇవ్వదలిస్తే అర్హుడైన పేదవానికి దానిని పూర్తిగా సొంతం చేయాలి. మదరసా గదిలో అందరి వాడుకకు పెడితే అది సదఖా అవుతుంది గాని జకాత్ చెల్లదు. విలువ కూడా కొన్ననాటి ధర కాదు, నేడు బజారులో పలికే ధర. నలభై వేలకు కొన్నదానికి నేడు నాలుగు వేలు పలికితే చెల్లిన జకాత్ నాలుగు వేలే.

మదరసాకు ఇచ్చేముందు మూడు మాటలు అడగండి. అక్కడ దాని అవసరం ఉన్నదా? నేర్పేవారు ఉన్నారా? చెడితే బాగుచేయించే ఖర్చు ఎవరిది? అడగకుండా దించిపోయిన యంత్రం దాతకు పుణ్యంగా తోచవచ్చు. మదరసాకు మాత్రం అది ఒక గది మూలను ఆక్రమించే బరువు. విసిరివేస్తే దాత నొచ్చుకుంటాడు, ఉంచితే చోటు చాలదు. దానికంటే శుభ్రం చేసి, లినక్స్ వేయించి, కీబోర్డు, మౌసు, తీగలతో సహా డిగ్రీ చదివే ఒక పేద బాలికకు అప్పగిస్తే ఆ ఇంట చదువు నిలుస్తుంది. ఇరుగుపొరుగుకు చిన్నపాటి వాడుక వస్తువులు సైతం ఇవ్వనివారిని అల్ మాఊన్ సూరా గర్హించింది. ఏళ్ళ తరబడి బీరువాపై దుమ్ము పట్టించేవారు ఆ హెచ్చరికను గుర్తుంచుకోవాలి.

నిజంగానే చెడిపోయినదాన్ని ఎవరికీ అంటగట్టరాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వాటిలో పావు వంతు కూడా సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు లెక్కలలో లేదు. పాత బుడ్డి మానిటరు గాజులో సీసం ఉంటుంది. రాగి కోసం తీగలను కాల్చితే విషపు పొగ వస్తుంది. ఆ పొగను పీల్చేది పేదవాని బిడ్డలే. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న నియమాల ప్రకారం ఇటువంటి వ్యర్థాలు నమోదైన శుద్ధి కేంద్రాలకు చేరాలి. తయారీ సంస్థల సేకరణ కేంద్రాల ద్వారా వాటిని పంపవచ్చు.

“మీకు ప్రియమైనదాని నుండి” అన్న భావం గల ఆలి ఇమ్రాన్ 92వ ఆయత్ అవతరించినప్పుడు హజ్రత్ అబూ తల్హా (రజి) తమకు అత్యంత ప్రియమైన బైరుహా తోటను సమర్పించారు. మనం ఇవ్వబోయేది తోట కాదు, పాత కంప్యూటరు. కనీసం దానిని తుడిచి, సరిచేసి, ఉన్న లోపం చెప్పి, పుచ్చుకునేవాని అవసరమెరిగి ఇద్దాం. అల్లాహ్ మన దానాలలో చిత్తశుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.