నల్లపావుల వంతు

2025 జూలై 28న జార్జియా దేశంలోని బాతుమి నగరంలో మహిళల ప్రపంచ కప్పు చదరంగ పోటీ ముగిసింది. తుదిపోరులో మన కోనేరు హంపిని నాగపూరు యువతి దివ్య దేశ్‌ముఖ్ ఓడించింది. రెండు దీర్ఘమైన ఆటలూ డ్రా అయిన పిమ్మట ర్యాపిడ్ ఆటలు జరిగాయి. వాటిలో మొదటిదీ డ్రాయే. రెండవ ఆటలో దివ్యవి నల్లపావులు, గెలిచినది ఆమె. నల్లపావులతో గెలవడం అనూహ్యమని పలువురన్నారు. ఈ 'అనూహ్య' శబ్దం మీదనే నా అభ్యంతరం.

తెల్లపావులవారు ముందు ఎత్తు వేస్తారు గనుక వారికి కొంత మొగ్గు ఉన్నమాట నిజమే. మొత్తం ఫలితాలను కూడితే నూటికి 54, 55 పాళ్లు తెలుపు పక్షాన ఉంటాయి. అంతమాత్రానికే నలుపును ఓటమికి మారుపేరు చేయవచ్చునా? దివ్య ఆ మెట్టుకు చేరేలోపు చైనాకు చెందిన ఝు జినర్‌ను, మన ద్రోణవల్లి హారికను, పూర్వ ప్రపంచ విజేత తాన్ ఝోంగ్యీని దాటి వచ్చింది. అటువంటి క్రీడాకారిణి గెలుపు ఊహకు అందలేదంటే లోపం ఊహదే.

అష్టావధానాన్ని తలచుకొనండి. అక్కడ ముందు మాట పృచ్ఛకునిది. అవధాని వంతు ఎప్పుడూ తరువాతనే. అయినా ఆయనను బలహీనుడని ఎవరూ అనరు. అడిగినదాన్ని ఆలకించి, అందులోని చిక్కును కనిపెట్టి బదులివ్వడమే అక్కడ విద్వత్తు. నల్లపావుల విద్య కూడా అదే.

ఈ సంగతి హంపికి తెలియనిది కాదు. 2024 డిసెంబరులో న్యూయార్కులో ఆమె రెండవసారి ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచినది చివరి ఆటను నల్లపావులతో నెగ్గే. బాతుమిలోనూ సెమీఫైనలులో లీ టింగ్జీ చేతిలో ఒక ఆట ఓడి, గెలిస్తే తప్ప నిలువలేని స్థితిలో గెలిచి నిలిచింది. 2002లో హంపి గ్రాండ్ మాస్టర్ అయ్యేనాటికి దివ్య పుట్టనేలేదు. అందుచేత 'పిన్నవారి చేతిలో ఓటమి పెద్దలకు శోభ' అని ఆమెను ఓదార్చబోయేవారితో నేను ఏకీభవించను. 38 ఏళ్ల వయసులో ఆమె తుదిపోరుకు కూర్చున్నది గెలవడానికే. ఓటమిని ఓటమిగా గౌరవించడమే ఆమెకు మర్యాద, గెలుపును అదృష్టంగా కొట్టివేయకపోవడమే దివ్యకు మర్యాద. ఆ గెలుపుతోనే దివ్య కూడా గ్రాండ్ మాస్టర్ అయింది.

నలుపును చిన్నచూపు చూడడం నల్లగొండవానికి ఎలాగూ చేతకాదు. ఊరి పేరులోనే నల్లని కొండ ఉన్నది. మబ్బు నల్లబడితేనే రైతు మొగం విచ్చుకునే మెట్టనేల మాది. మన నుడికారంలోనైనా భంగపడినవాని మొగం తెల్లబోతుందే గాని నల్లబోదు గదా!

పిల్లలకు చదరంగం నేర్పేటప్పుడు చిన్నవానికి నల్లపావులు అంటగట్టి, పెద్దవాడు తెల్లపావులు తీసుకోవడం మన ఇండ్లలో వాడుక. ఈసారి నల్లపావులు ఇచ్చేటప్పుడు, అవి జవాబు చెప్పేవారి పావులని కూడా చెప్పి ఇవ్వండి.