యాప్ చెప్పింది కదా అని తినేస్తారా?

'అన్నా, ఇది తినొచ్చా?' అని సియాటిల్‌లో ఎంఎస్ చేస్తున్న మా బాబాయి కొడుకు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. కుళ్లిన దుంగ మీద గుంపుగా చిన్న చిన్న గోధుమరంగు పుట్టగొడుగులు. తినొచ్చని యాప్ పేరుతో సహా చెప్పేసిందట. 'ఫొటోలు ఎన్నైనా తీసుకో, పొయ్యి మీద మాత్రం పెట్టకు' అన్నాను. ఎందుకో మీకూ చెబుతా.

పుట్టగొడుగు పేరులోనే పుట్ట ఉంది. మన ఊళ్లలో పెద్దవాళ్లు తొలకరికి వెతికేది చెదపుట్టల మీద మొలిచేవాటిని. ఏళ్ల తరబడి చూసిన చోటు, తిన్న రకం. ఆ అనుభవం అమెరికా అడవిలో పుచ్చిన చెక్క దగ్గర పనికిరాదు.

అక్కడ మొలిచేవాటిలో గలెరీనా మార్జినాటా ఒకటి. టోపీ సాధారణంగా 5 సెంటీమీటర్ల లోపే. తడిగా ఉంటే ముదురు గోధుమరంగు, ఆరితే లేత రంగు. కాడకు పల్చటి ఉంగరం ఉంటుంది, ఒక్కోసారి రాలిపోతుంది. అచ్చం ఇలాగే ఉండే కూనెరోమైసిస్ మ్యుటాబిలిస్‌ను యూరప్‌లో వండుకు తింటారు. దాని కాడకు ఉంగరం కింద పొలుసులుంటాయి. అవీ రాలిపోతే? ఇక తేడా చెప్పడం నిపుణులకే కష్టం. పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో యాప్ ఏం తేలుస్తుంది!

టోపీని కాగితం మీద బోర్లించి, గ్లాసు మూసి రాత్రంతా ఉంచితే బీజాల పొడి రాలుతుంది. గలెరీనాది తుప్పు రంగు. పొడి తెల్లగా ఉంటే అది గలెరీనా కాదని తెలుస్తుంది, అంతేగానీ తినొచ్చని కాదు. కూనెరోమైసిస్ పొడి కూడా గోధుమరంగే మరి!

గలెరీనాలో ఉండేది అమాటాక్సిన్. 'డెత్ క్యాప్' పుట్టగొడుగులోని విషమే ఇది. ముట్టుకుంటే ఏమీ కాదు. తింటేనే ముప్పు. ఉడికించినా, వేయించినా విషం పోదు. పురుగులు తిన్నాయి కాబట్టి మనకీ మంచిదేనన్న లెక్కా తప్పే.

తిన్నాక 6 నుంచి 24 గంటలు ఏమీ తెలీదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆపైన ఓ రోజు తగ్గినట్టే అనిపిస్తుంది. లోపల మాత్రం కాలేయం పాడవుతూ ఉంటుంది. అందుకే ఎవరైనా తిన్నారని తెలిస్తే వాంతులయ్యే దాకా ఆగకండి. మిగిలిన ముక్కలు కవర్లో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డాక్టర్‌కి ఫొటో కంటే ఆ ముక్కే ఎక్కువ ఉపయోగం.