క్లచ్చిలో పోయవలసినది నూనె కాదు

మా నిమ్మనపల్లెలో తిరిగే బండ్లన్నిటికీ దాదాపు క్లచ్ వైరే. తెగితే మార్చుకుంటాము. గత సంక్రాంతికి మా మేనల్లుడు బెంగళూరు నుండి తెచ్చిన పెద్ద మోటారు సైకిలుకు మాత్రము వైరు లేదు. హైడ్రాలిక్ క్లచ్ అట. లివరు నొక్కితే చిన్న పిస్టను ద్రవమును నెట్టును. ఆ ద్రవము గొట్టము వెంట పోయి, అవతలి పిస్టనును కదిపి ప్లేట్లను విడదీయును.

లివరు మెత్తబడినదని పట్టణములో ఒక షెడ్డులో చూపగా, "ఆయిల్ తగ్గిపోయిండాది సార్" అని ఇంజనాయిలు పోసి పంపినారు. నాలుగు రోజులకు హార్సిలీ హిల్స్ మలుపులో క్లచ్ విడువక బండి ఆగి, పక్కకు ఒరిగినది. లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోయినవి. వెనుక బస్సు లేదు కనుక పిల్లవాడు దక్కినాడు.

ఆ మెకానిక్కును నేను నిందించను. దోషము మాటది. జారేదల్లా మనకు 'ఆయిలే'. తార్కికులు దీనినే అతివ్యాప్తి అన్నారు. ఆ బండిలో ఉండవలసినది డాట్ 4 ద్రవము, గ్లైకాల్ జాతిది, నూనె కానే కాదు. (కొన్ని బండ్లకు మినరల్ ఆయిలే వాడుదురు. అందులో డాట్ 4 పోసినా ఇంతే చేటు.) ఇది గాలిలోని తేమను పీల్చుకొనును. కొత్తదానికి కనీసము 230 డిగ్రీలుండవలసిన మరుగు స్థానము తేమ చేరిన కొద్దీ 155 దాకా దిగవచ్చును. వేడికి బుడగలు పుట్టినచో లివరు చేతికి ఆనదు. అందుచేత బండి నడిచినా నడవకున్నా రెండేండ్లకొకసారి మార్చి, గాలి తీయవలెను.

మరొక విశేషము. బ్రేకు ప్యాడ్లు అరిగిన కొద్దీ దాని డబ్బాలో మట్టము తగ్గును. అది సహజము. ఇట్టి క్లచ్ డబ్బాలో మాత్రము ప్లేట్లు అరిగిన కొద్దీ మట్టము పెరుగును! కాబట్టి అక్కడ తగ్గినదంటే ఎక్కడో కారుచున్నదని అర్థము. పైన పోసి పంపుట రోగమును దాచుటయే.

ఏ ద్రవము వాడవలెనో, సీలు విప్పని డబ్బాలోనిదే పోయవలెనని డబ్బా మూత మీదనే ఉన్నది, ఆంగ్లములో. మన జిల్లాలలో ఇన్ని బండ్లు అమ్ముకొను కంపెనీలకు ఆ ఒక్క వాక్యము తెలుగులో అచ్చువేయుట బరువా?

మేనల్లుడి బండి మూత మీద నేనే తెల్ల పెయింటుతో "నూనె పోయరాదు, డాట్ 4 మాత్రమే" అని వ్రాసి ఇచ్చినాను. ఆ ద్రవము పడితే పెయింటు ఊడివచ్చునని వాడు నిన్న ఫోనులో చెప్పినాడు. ఇప్పటికే 'నూనె' పోయినదట, 'పోయరాదు' మిగిలియున్నది.