పులస ధర: చేపకా, పేరుకా?

కాట్రేనికోన: గోదావరిలో ఎర్రనీరు దిగగానే కోనసీమ చేపల బజారులో తక్కిన సరుకుల మాట వెనకబడుతుంది. బొచ్చె, శీలావతి, రొయ్య ఎప్పటివలె కిలోల లెక్కన పోతుండగా, పులసకు మాత్రం చేప లెక్కన ధర కడతారు. రెండు కిలోలకు అటూ యిటూ తూగే చేప యానాం పాటలో పది వేలు, పదిహేను వేలు, ఒక్కొక్కప్పుడు యిరవై వేలు కూడ దాటిపోయినట్లు గత కొన్ని సంవత్సరాలుగా జూలై, ఆగస్టు నెలల్లో వార్తలు వస్తున్నాయి. ఆ మాట ఎదుర్లంక వంతెన దాటి కాట్రేనికోన చేరేసరికి మరో వెయ్యి కలుస్తుంది. ఆషాఢం వెళ్ళి కొత్త అల్లుడు వచ్చే యింట్లో అప్పుడే తర్జనభర్జన మొదలవుతుంది: కొనడమా, మానడమా?

"పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అన్న సామెత యిక్కడ ఎటూ తప్పదు. వర్తక దృష్టితో చూస్తే ఆ సామెత ఒక మారకపు రేటు. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది. రెండు గ్రాముల పుస్తెల జత అమ్మితే యిరవై వేల పైచిలుకు వస్తుంది. దానికి ఒక పెద్ద పులస వస్తుంది. అనగా బంగారంతో కొలిస్తే సామెత రేటు నేటికీ చెల్లుతున్నది. అయితే కోనసీమలో బతుకు బంగారంతో కాక కొబ్బరితో నడుస్తుంది. బాగా చూసుకున్న చెట్టు యేడాదికి ఎనభై నుంచి నూరు కాయలు యిస్తుంది. 2023 వంటి సంవత్సరంలో వెయ్యి కాయలు పది వేల లోపే పలికినప్పుడు, పది వేల పులస అంటే కనీసం పది పన్నెండు చెట్ల యేడాది ఫలసాయం ఒక్క పూట కూరలోకి వెళ్ళినట్లు. కొబ్బరి ధర రెట్టింపైన నాడు అదే చేప అయిదారు చెట్లకు దిగుతుంది. దింపు కూలి, వలుపు కూలి యీ లెక్కలో చేర్చలేదు. అవి కూడ చేర్చితే చాలామందికి పులుసు సహించకపోవచ్చు.

యింత ధరకు కారణం లేకపోలేదు. శాస్త్రజ్ఞులు టెన్యులోసా ఇలీషా అని పిలిచే యీ చేప సముద్రంలో వున్నంతకాలం ఇలస. గుడ్లు పెట్టడానికి వరద సమయంలో నదిలోకి ఎదురీదుతుంది. ఆ ప్రయాణంలో మేత బాగా తగ్గిపోయి, వంట్లో పేరుకున్న కొవ్వు ఖర్చవుతూ వుంటుంది. మాంసం రుచి మారుతుంది. అప్పుడు దానిని పులస అంటారు. బెంగాలీలు ఇలిష్ అని కొలిచేది కూడ యీ జాతినే. పూర్వం యిది గోదావరిలో ఎంతో దూరం ఎగబాకేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత దారి అక్కడితో ఆగింది. గంగానదిలో 1975లో ఫరక్కా బ్యారేజి పని ప్రారంభించిన తర్వాత ఎగువ ప్రాంతాలకు అదే గతి పట్టింది. చెరువులో పెంచి అమ్ముకుందామంటే, బొచ్చె, శీలావతి వలె వాణిజ్య స్థాయిలో పెంపకం నేటికీ కుదరలేదు. సరఫరా పెరిగే మార్గం లేదు, గిరాకీ తగ్గే సూచన లేదు. ధర పైకే చూస్తుంది.

యిక్కడ కాట్రేనికోనవారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. పల్లం, బలుసుతిప్ప వైపు చేప వచ్చేది నదీముఖం నుంచి. సముద్రం దాటి అప్పుడే ఏటిలో అడుగుపెట్టిన చేప యింకా సగం ఇలసే. మంచినీటిలో ఎదురీదిన దూరం కొద్దీ రుచి అనుకుంటే, ముఖద్వారం దగ్గర పడినదానికి, ధవళేశ్వరం దిగువన పడినదానికి ఒకే ధర కట్టడం న్యాయం కాదు. యీ తేడా వలవేసేవారికి తెలుసు. కొనేవారు మాత్రం "గోదావరి పులసే కదా" అనే హామీతో తృప్తిపడి డబ్బు లెక్కపెడుతున్నారు.

పేరున్న సరుకుకు పెద్ద ధర పెట్టడం ఒక్క కోనసీమ అలవాటేమీ కాదు. ఫ్రాన్సు దేశంలో బోర్డో ద్రాక్షసారాకు ఒక్క సీసాకు యింతకు ఎన్నో రెట్లు పెట్టేవారున్నారు. కాని ఆ సీసా మీద తోట పేరు వుంటుంది, పంట సంవత్సరం వుంటుంది. కొన్నవాడు తాగకుండా నేలమాళిగలో దాచి, పదేళ్ళకు వేలంలో తిరిగి అమ్ముకోవచ్చు. ఆ కొనుగోలు కొంత ఖర్చు, కొంత పెట్టుబడి. పులసకు చీటీ లేదు, సంవత్సరం లేదు, మారుబేరం లేదు. మంచు మీద పెట్టినా రోజు గడిచేకొద్దీ విలువ కరిగిపోతుంది. యిది పూర్తిగా ఖర్చు పద్దు. ఆస్తి పద్దులో ఒక్క పైసా వేయడానికి లేదు.

చీటీ లేని చోట మోసానికి తావు ఎక్కువ. ఒడిశా, బెంగాల్ తీరాల నుంచి మంచులో వచ్చిన ఇలసను, యిక్కడి సముద్రంలో పడిన ఇలసను పులస పేరిట అంటగట్టడం ఎవరికీ తెలియని రహస్యం కాదు. నదిలో తిరిగిన చేపకు వెండి మెరుపుతో పాటు కొంచెం బంగారు ఛాయ, గుండ్రని వాటం వుంటాయని, సముద్రపుదానికి తెల్లదనం ఎక్కువని పాతకాపులు చెబుతారు. సాయంకాలం దీపం వెలుగులో, మంచు పొడి అంటుకున్న చేప మీద యీ పరీక్ష ఏపాటి నిలుస్తుందో కొన్నవారికే తెలియాలి. అమెరికా ఆర్థికవేత్త జార్జి అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశారు. సరుకు గుణం అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, మంచి సరుకు గలవాడు బజారుకే రాడని, నాసిరకమే మిగులుతుందని దాని సారాంశం. ఆయనకు 2001లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది. పులస బజారులో ఆ సూత్రం అక్షరాలా నడుస్తున్నది. అసలైన చేప వల నుంచి తీయగానే ఫోనులోనే అమ్ముడయి, కాంట్రాక్టరు నుంచి అధికారి యింటికో, నాయకుని యింటికో కానుకగా వెళుతుంది. గట్టున బుట్టలో మిగిలినదాని మీద సామాన్యుడు పాట పాడుతున్నాడు. కానుక యిచ్చేవాడు రుచి కోసం కొనడం లేదు కనుక ధరకు వెరవడు. ఆ ధరే రేవు ధరగా చెలామణి అవుతుంది.

ఇరవై వేల వార్త చదివి వలవేసినవాడు లక్షాధికారి అయ్యాడనుకోవడం కూడ పొరపాటే. వరదనీటిలో నాటుపడవ నడపడం ఆషామాషీ కాదు. 1996 నవంబరు 6 తుపాను చూసిన బలుసుతిప్పవారికి నీటి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. రోజులు గడిచినా వలలో ఒక్క పులస పడకపోవచ్చు. పడిన రోజున, వలకు, యింజనుకు ముందుగా డబ్బు యిచ్చిన వర్తకునికే చేప అప్పగించవలసిన వారు చాలామంది. పాటలో పెరిగిన ప్రతి వెయ్యిలో వారి చేతికి ఎంత చేరుతుందన్నది ఆ అప్పు కాగితం మీద ఆధారపడి వుంటుంది.

అన్నిటికంటె గడ్డుది శెన విషయం. గుడ్లతో నిండిన ఆడ పులసకు ఎక్కువ ధర యివ్వడం మన ఆచారం. చేప నదిలోకి వచ్చేదే గుడ్లు పెట్టడానికి. ఆ గుడ్లకే అదనపు ధర కట్టి వండుకోవడం, వ్యాపారంలో లాభం పంచుకోక మూలధనం పంచుకున్నట్లు. బంగ్లాదేశ్ యీ తప్పును గుర్తించింది. అక్కడ అక్టోబరు పున్నమికి అటూ యిటూ 22 రోజులు ఇలిష్ వేట, రవాణా, అమ్మకం నిషేధం. నవంబరు నుంచి జూన్ వరకు పిల్లచేపను పట్టకూడదు. ఆ రోజుల్లో వేటగాళ్ళకు ప్రభుత్వం బియ్యం యిస్తుంది. 2002-03లో సుమారు రెండు లక్షల టన్నులుగా వున్న దిగుబడి 2017-18 నాటికి అయిదు లక్షల టన్నులు దాటింది. అన్ని సంవత్సరాలు ఒకే తీరుగా లేవు, నిషేధం ఒక్కటే కారణమనడానికీ లేదు. అయినా దారి కనబడింది. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రపు వేటకు విరామం వుంది. పులస ఏరెక్కేది ఆ గడువు ముగిసిన తర్వాత!

మరి కొనవచ్చునా? నమ్మకమైన వేటగాడు, కళ్ళ ఎదుట వల నుంచి తీసిన చేప, ఎగువ పాయలో పడినది, అప్పు చేయకుండా యింట్లో వున్న డబ్బు — యీ నాలుగూ కుదిరితే యేడాదికొకసారి కొనడంలో తప్పు పట్టనక్కరలేదు. ఆ డబ్బులో హెచ్చుభాగం నేరుగా పడవకు చేరుతుంది కూడ. శెన కోసం అదనంగా ఒక్క రూపాయి పెట్టకూడదు. తొలి వరద చేప మీది మోజును పెద్దలకు వదిలి కొన్నాళ్ళు ఆగడం మేలు. నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా పదివేల చేప జోలికి పోకుండా, కిలో వందల్లో దొరికే సముద్రపు ఇలసను ఇలస ధరకే కొనుక్కోవడం తెలివైన బేరం. దానికీ అదే మట్టికుండ, అదే చింతపండు పులుసు, అవే బెండకాయలు. దించేముందు కాస్త వెన్న, ఆవకాయ మీది నూనె తగిలించి, రాత్రంతా కదపకుండా వుంచి, మర్నాడు అల్లుడికి వడ్డించవచ్చు. అది ఇలస అని ముందే చెప్పి వడ్డిస్తే సరి.