సైకిలెక్కి అరకుకు... బ్రేకు పట్టి కిందకు!

విశాఖపట్నం నుంచి అరకు... కారులో మూడు గంటలు. రైల్లో నాలుగు. మరి సైకిల్ మీద? తొందరపడకపోతే రెండు రోజులు. వినగానే ‘అమ్మో’ అనిపిస్తుంది కానీ, కాస్త అలవాటున్నవాళ్లకు ఇది గుండెలు తీసే సాహసమేమీ కాదు. కొండ ఎక్కడానికి కావలసింది ఓపిక. దిగడానికి కావలసింది ముందస్తు ఆలోచన. మొదటిదాని గురించి భయపడేవాళ్లే ఎక్కువ. ప్రమాదం పొంచి ఉండేది మాత్రం రెండోదానిలో.

పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట వరకు యాభై కిలోమీటర్లకు అటూఇటూ. అంతా మైదానమే. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, లారీల రొద తప్ప. తెల్లవారకముందే బయల్దేరి ఈ ముక్కను త్వరగా దాటేయడమే మంచిది. ఎస్.కోట దాటి బొడ్డవర చేరేసరికి ఎదురుగా నీలంగా తూర్పు కనుమలు. అక్కణ్నుంచి ఘాట్ మొదలు. మైదానం నుంచి గాలికొండ చేరేలోపు వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి.

వెయ్యి మీటర్లంటే కంగారు పడక్కర్లేదు. ఒక్క గోడలా ఉండదు. మలుపు మీద మలుపు తిరుగుతూ, కాస్త ఎక్కి, కాస్త సాగి, మళ్లీ ఎక్కుతుంది. గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు సాగినా చాలు. గేర్ల సైకిల్ అయితే ముందువైపు చిన్న పళ్లచక్రం, వెనకవైపు పెద్దది పడేలా పెట్టుకుని కాళ్లు ఒకే లయలో తిప్పుతూ పోవాలి. పక్కనున్నవాడితో మాట్లాడలేనంత ఆయాసం వచ్చిందంటే వేగం ఎక్కువైనట్టే లెక్క.

గేరు మార్చుకునే ఈ సౌకర్యాన్ని పట్టుబట్టి ప్రచారం చేసినవాళ్లలో ముందువరసలో ఉన్నది పందెం రాయుళ్లు కాదు, దేశాటన చేసే సైక్లిస్టులు. ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎటియన్‌లో ఉంటూ చుట్టుపక్కల కొండలన్నీ సైకిల్ మీద తిరిగిన పాల్ డి వివీ దీనికి పెద్ద ప్రచారకుడు. ప్రఖ్యాత టూర్ డి ఫ్రాన్స్ పందెం నిర్వాహకులు మాత్రం ఇలాంటి గేర్లను 1937 దాకా అనుమతించనే లేదు! కొండ ఎక్కుతూ గేరు మార్చుకోవడం నామోషీ అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. దిగి నడిపించుకుంటూ పోయినా తప్పులేదు. ఘాట్‌లో అడిగేవాళ్లెవరు?

గాలికొండ దాకా

టైడా దాటాక అడవి దగ్గరపడుతుంది. కారు అద్దాల్లోంచి పచ్చటి తెరలా కనిపించేది సైకిల్ మీద వెళ్లేవాళ్లకు విడివిడిగా తెలుస్తుంది. ఏ మలుపులో నీడ ఉందో, ఎక్కడ ఊట నీటి చప్పుడు వినిపిస్తోందో, తడిమట్టి వాసన ఎక్కడ మొదలైందో అన్నీ. కొండ అంచున ఎక్కడో రైలు కూత కూడా వినిపిస్తుంది. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో జపాన్ సహకారంతో వేసిన కొత్తవలస - కిరండూల్ లైను అది. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ స్టేషను, బ్రాడ్‌గేజ్‌లో దేశంలోనే ఎత్తయినదిగా చాలాకాలం పేరు మోసింది.

దారిలో బొర్రా గుహలకు వేరే రోడ్డు చీలుతుంది. గుహలు చూడదగ్గవే కానీ, ఆ రోడ్డు గోస్తనీ లోయలోకి దిగుతుంది. దిగినదంతా మళ్లీ ఎక్కాలి మరి! మొదటిరోజు ఆ పని పెట్టుకోకుండా రాత్రికి అనంతగిరిలో ఆగిపోతే మేలు. పర్యాటకాభివృద్ధి సంస్థ వసతి అక్కడా ఉంది, అరకులోనూ ఉంది.

అనంతగిరి చుట్టుపక్కల రోడ్డుకు రెండువైపులా కాఫీ తోటలే. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. శీతాకాలంలో వెళితే ఎర్రగా పండిన కాయలు కోస్తున్న గిరిజన రైతులు కనిపిస్తారు. వేసవి మొదట్లో వాన చినుకు పడ్డాక వెళితే తెల్లటి పూలు, మల్లెల్లాంటి వాసన. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ కాఫీని రోడ్డు పక్క బండి దగ్గర తాగడానికి సైకిలిస్టు కంటే అర్హుడు ఇంకొకడు ఉండడు. రిసార్టు నుంచి రిసార్టుకు దూకే కార్లకు ఆగే తీరిక ఉండదు. సైకిల్ వాడు ప్రతి బడ్డీ దగ్గరా ఆగాల్సిందే... టీకో, అరటిపండుకో, నీళ్లకో.

గాలికొండకు పేరు ఊరికే రాలేదు. చెమటతో తడిసిన చొక్కాకు ఆ గాలి తగిలితే పళ్లు కొట్టుకుంటాయి. పల్చటి గాలికోటు వెంట ఉండాలి. లేకపోతే పాతకాలపు సైకిల్ పందెగాళ్ల చిట్కా ఉంది. చొక్కా లోపల ఛాతీకి అడ్డంగా ఒక దినపత్రిక పెట్టుకోవడమే! అక్కణ్నుంచి సుంకరమెట్ట మీదుగా అరకు వరకు ఎక్కువగా దిగుడే. అక్టోబరు, నవంబరు ప్రాంతంలో పొలాలన్నీ పసుపు పూల వలిసెలతో నిండి ఉంటాయి.

ఆదివారం సాయంత్రం వద్దు

చాలామంది చేసే ప్లాను ఒకటే. శనివారం ఎక్కడం, ఆదివారం మధ్యాహ్నం బొంగులో చికెన్ తిని అదే దారిలో దిగిపోవడం. సైకిల్ మీద ఇంతకంటే చెడ్డ ప్లాను లేదు. పర్యాటకుల వాహనాలన్నీ కిందికి దిగేది అదే వేళకి. పొగమంచు కమ్మేదీ, వెలుగు తగ్గేదీ, రెండు రోజుల అలసటతో చేతివేళ్లు పట్టు తప్పేదీ అప్పుడే. ఈ ఘాట్ ఎలాంటిదో 2021 ఫిబ్రవరిలో తెలిసొచ్చింది. అరకు చూసి వస్తున్న పర్యాటకుల బస్సు అనంతగిరి దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. 2023 ఆగస్టులో పాడేరు ఘాట్‌లో బస్సు పడిపోయి మరో ఇద్దరు పోయారు. బస్సుకే ఇలా ఉంటే సన్నటి రెండు చక్రాల సంగతి చెప్పాలా?

దానికి తోడు వేడి ఒకటి. సామానుతో కలిపి మనిషీ, సైకిలూ 95 కిలోలు ఉన్నారనుకుందాం. వెయ్యి మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తితో మూడు లీటర్ల నీళ్లు మరిగించొచ్చు. అందులో కొంత ఎదురుగాలికి పోతుంది. మిగిలింది చాలావరకు బ్రేకుల్లోకే వెళ్లాలి. బ్రేకు రబ్బర్లు రిమ్మును పట్టుకునే మామూలు సైకిల్‌లో, ఆపకుండా నొక్కుతూ దిగితే రిమ్ము కాలిపోతుంది, ఒక్కోసారి ట్యూబు పేలుతుంది. అందుకే మలుపుకు ముందు గట్టిగా పట్టి, వేగం తగ్గాక వదిలి, మళ్లీ పట్టాలి. రెండు బ్రేకులూ వాడాలి. నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగి చక్రాలు చల్లారనివ్వాలి. బయల్దేరేముందే కొత్త రబ్బర్లు వేయించుకుంటే వందల్లో పోయే ఖర్చు. బరువును వీపున మోయకుండా క్యారియర్‌కి రెండువైపులా సంచుల్లో సర్దుకుంటే మలుపుల్లో సైకిల్ తూలదు. పంక్చర్ సామాను, గాలి పంపు, అదనపు ట్యూబు, వెనక ఎర్ర లైటు... ఇవి లేకుండా ఘాట్ ఎక్కకూడదు.

ఇక దారి. అరకులో రెండో రాత్రి గడిపి, మర్నాడు వచ్చిన దారిని వదిలేసి పాడేరు వైపు తిరగాలి. డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా సుమారు 45 కిలోమీటర్లు. చాపరాయి దగ్గర రాతి పలకల మీద జారే నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికి బోలెడంత సమయం ఉంటుంది. మొత్తం ప్రయాణంలో మనసుకు పట్టే ముక్క ఇదే. వరి మళ్లు, చిన్న చిన్న గూడేలు, సంతకు నెత్తిన బుట్టలతో నడిచిపోయే ఆడవాళ్లు. గూడెం వచ్చినప్పుడు వేగం తగ్గించాలి, కోళ్లూ పిల్లలూ ఒకేసారి అడ్డం వస్తారు. అడక్కుండా మొహం మీద కెమెరా పెట్టడం మాత్రం వద్దు. ఈ మన్యం రోడ్లను 516ఈ జాతీయ రహదారిగా విస్తరించే పనులు చేపట్టారు. గూడేలకు అంబులెన్సు త్వరగా వస్తుందంటే కాదనగలిగేదెవరు? కాకపోతే రోడ్డు వెడల్పయ్యేకొద్దీ వాహనాల వేగమూ పెరుగుతుంది. సైకిల్ ఎడమ అంచును వదలకూడదు.

మూడో రాత్రి పాడేరులో. దిగుడును నాలుగోరోజు ఉదయానికి అట్టిపెట్టడమే ఈ ప్లానులో కిటుకు. పొగమంచు విడిపోయి రోడ్డు కనిపించాక, ఎనిమిదింటికి బయల్దేరితే చాలు. నిద్రపోయి లేచిన చేతులకు పట్టు ఉంటుంది, వెలుగు ఉంటుంది, తొందర ఉండదు. కుదిరితే ఆరోజు మంగళవారమో బుధవారమో అయ్యేలా చూసుకోవాలి. వంట్లమామిడి దగ్గర ఒకసారి, గరికబంద దగ్గర ఒకసారి ఆగితే చక్రాలకూ విశ్రాంతి, కళ్లకూ పండగ.

కొండ దిగాక వచ్చేది మాడుగుల. హల్వాకి పేరుమోసిన ఊరు. గోధుమ పాలు, నెయ్యితో గంటల తరబడి కలియబెట్టి చేసే ఆ హల్వా రెండు ముక్కలు తినేలోపు రిమ్ములు పూర్తిగా చల్లారిపోతాయి. అక్కణ్నుంచి చోడవరం మీదుగా విశాఖ దాకా ఇక ఘాట్ లేదు.