పాకవిద్యకు పాఠశాల నెన్నుకొనుట



గత మాసమున మా చెరుకుపల్లిలో పొరుగింటి పిన్నిగారు కన్నీటితో మా యింటికి వచ్చిరి. వారి కుమార్తె యింటరు ముగించి, తాను వంటపనియే చదువుదునని పట్టుపట్టినదట. “ఆడపిల్ల వంట నేర్చుటకు లక్షలు పోయవలెనా?” అని తండ్రిగారి కోపము. నాకు నవ్వు వచ్చినను ఆపుకొంటిని. విరాటుని కొలువున భీముడు వలలుడై వండెను. ఋతుపర్ణుని యొద్ద నలుడు బాహుకుడై వండెను. మగవారు వండిన శాస్త్రము, మనము వండిన చాకిరియా?

కాని తల్లి భయము వేఱు. ఆమె చెల్లెలి కుమారుడు రంగుల కరపత్రమును జూచి యొక పట్టణమున నేదో సంస్థలో సొమ్ము కట్టెను. ఏడాదిలో పదిమార్లయినను పొయ్యి ముట్టింపలేదట, పాకమంతయు నల్లబల్లపైననే! కడపట నిచ్చిన పట్టాపై నే విశ్వవిద్యాలయపు ముద్రయు లేదు.

అందుచే మేము విచారింప మొదలిడితిమి. దగ్గర గనుక ముందు బాపట్ల తలపునకు వచ్చినది. అచ్చటి ఆహారశాస్త్ర సాంకేతిక కళాశాల మంచిదే. కాని యచట నేర్పునది ఆహారమును శుద్ధిచేయు, నిలువజేయు యంత్రవిద్య. వంటవారిని తయారుచేయు విద్య కాదు. తిరుపతిలో కేంద్ర పర్యాటకశాఖవారి ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ కలదు. దాని భవనములు 2018లో ప్రారంభమైనవి. అది పాకకళకే యేర్పడినది. హైదరాబాదులో 1996లో స్థాపింపబడిన కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా యున్నది. ఆ నగరముననే విద్యానగరులోని హోటల్ మేనేజిమెంటు సంస్థలో వంటతోపాటు వడ్డన, గదుల నిర్వహణము, అతిథిస్వాగతము నేర్పుదురు. అందు చేరుటకు జాతీయ ప్రవేశపరీక్ష కలదు. పొయ్యినే ప్రేమించు పిల్ల కది చుట్టుదారి. మనస్సు తేలని పిల్లకు మాత్రము మేలు.

ఎచ్చటికి పోయినను భవనమును గాక వంటశాలను జూడుడు. ఒక్కొక్క పొయ్యికి నెందఱు? వారమున కెన్ని గంటలు పిల్ల తన చేతులతో వండును? కత్తులు, దుస్తులు, సరకులు రుసుములో చేరినవా, వేఱుగా కట్టవలెనా? హోటళ్లకు పనినేర్వ పంపునపుడు రాత్రివేళ బస కెవరు పూచీ? మాంసము ముట్టని యింటిపిల్లయైనచో ఆ సంగతి సొమ్ము కట్టకముందే యడుగవలెను. తరువాత నేడ్చి ఫలము లేదు.

మా యింటివారి సలహాపై ఆ పిల్లను పదిదినములు పెండ్లివంటల వారితో పంపితిమి. తెల్లవారుజామున మొదలు రాత్రి వరకు నిలువుకాళ్లపై పని. చేయి కాలినది, మోకాళ్లు వాచినవి. పదునొకండవ దినమున నూఱుమందికి సరిపడు పప్పుపులుసు లెక్క వ్రాసి నాకు చూపినది. ఉప్పు మాత్ర మెక్కువ వేసినది.

తండ్రిగా రింకను మాటాడుట లేదు. కాని తెనాలినుండి తిరుపతికి రెండు టిక్కెట్లు తీయించిరని నిన్న పిన్నిగారు చెప్పిరి.