పాట ఇద్దరిదీ, వాటా ఎవరిది?

మొన్న వేసవిలో ఓ మధ్యాహ్నం మా పై వాటాలో అద్దెకుంటున్న వాళ్ళమ్మాయి కిందకొచ్చి, "ఆంటీ, ఓ గంటసేపు కుక్కర్ పెట్టకండి, ప్లీజ్" అంది. సరేనన్నాను. మాది మెట్టుగూడ. కుక్కరంటే నేను ఆపగలను, రైలు కూత ఆపమని ఎవర్నడుగుతుందో పాపం!

సంగతేమిటో చూద్దామని పైకి వెళ్ళాను. పడగ్గది కిటికీలకు దుప్పట్లు కట్టారు. పరుపు లేపి గోడకు ఆనించారు. ఫ్యాను కట్టేశారు. ఆ ఉక్కలో ఈ పిల్లా, కాలేజీలో తనతో చదివిన అబ్బాయీ చెమటలు కక్కుతూ ఓ యుగళగీతం రికార్డు చేస్తున్నారు. ఏ సినిమాకమ్మా అంటే, ఏ సినిమాకీ కాదట. ఒక్క పాట, వాళ్ళదే. వాళ్ళే విడుదల చేసుకుంటారట. మాటలు ఈ అమ్మాయివి, బాణీ ఆ అబ్బాయిది. దాన్ని "సోల్" పాట అంటారని చెప్పింది.

నాకు ఆ పేరు కొత్తేగానీ, విన్నాక ఆ తీరు అంత కొత్తగా అనిపించలేదు. ఆదివారం పొద్దున్న వెస్లీ చర్చి ముందునుంచో, సెయింట్ మేరీస్ ముందునుంచో నడిచి వెళ్ళే సికింద్రాబాదు వాళ్ళెవరికైనా అంతే. అమెరికాలో నల్లజాతివారు ప్రార్థనల్లో గుండె విప్పి పాడుకునే పాటకు లౌకికమైన మాటలు తోడై, 1950లలో, 60లలో రూపుదిద్దుకున్నది ఈ సోల్. అరీతా ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లో పాస్టరుగారి కూతురు. తండ్రి చర్చిలో పాడుతూ పెరిగింది. మా పై వాటా అమ్మాయి కూడా చర్చి బృందంలో పాడుతూ పెరిగిన పిల్లే.

సినిమాతో సంబంధం లేని యుగళగీతం మనకేం కొత్త కాదు. 1940లలోనే సాలూరి రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు గ్రామఫోను రికార్డుల కోసం లలితగీతాలు కలిసి పాడారు. రికార్డుకు ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల కోసం మా అమ్మమ్మ ఎదురింటి గుమ్మంలో కూర్చునేదట. అయితే రికార్డు కంపెనీది, అచ్చు కంపెనీది, అమ్మకమూ కంపెనీదే. బాలసరస్వతిగారికి 1944లో కోలంక రాజావారితో పెళ్ళయింది. ఆ తర్వాత ఆమె పాట క్రమంగా తగ్గి ఆగిపోయింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ పాటలకన్నా పాడని పాటల లెక్కే ఎక్కువ బాధ పెడుతుంది.

ఇక సొంతంగా విడుదల చేయడం అన్నదానికి నాకు భలే నచ్చిన కథ మోటౌన్ కంపెనీది. 1959లో బెర్రీ గోర్డీ అనే ఆయన ఇంట్లోవాళ్ళ ఉమ్మడి పొదుపు నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని దాన్ని మొదలుపెట్టాడు. మన చిట్టీ పాటలాంటిదే అనుకోండి. ఆ డబ్బు ఇవ్వడానికి అక్క ఎస్తర్ తేలిగ్గా ఒప్పుకోలేదట. ఒప్పుకోకపోవడంలో ఆవిడ తప్పేముంది? పాటలమీద డబ్బు పెడతానన్న తమ్ముడికి మనమైతే ఇస్తామా!

ఆ కంపెనీ పేరు మోగించినవాటిలో మార్విన్ గే, టామీ టెర్రెల్ పాడిన యుగళగీతాలున్నాయి. 1967లో వచ్చిన వాళ్ళ మొదటి హిట్టు పాటను ఇద్దరూ పక్కపక్కన నిలబడి పాడలేదు. ఆమె ముందు పాడింది, తర్వాత అతని గొంతు చేర్చారు. వింటుంటే ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ పాడినట్టే ఉంటుంది. అదే ఏడు ఆమె వేదికమీద కుప్పకూలింది. మెదడులో కణితి. 1970లో పోయేనాటికి ఆమెకు 24 ఏళ్ళు.

ఇప్పుడు కాలం మారింది. కంపెనీ గడప తొక్కక్కర్లేదు. ఏటా కొంత రుసుము కడితేనో, రాబడిలో కొంత కోతకు ఒప్పుకుంటేనో మన పాటను స్పాటిఫై, యాపిల్, యూట్యూబ్ మ్యూజిక్ అన్నింటికీ చేర్చిపెట్టే సంస్థలున్నాయి. మా పిల్లలకు మైకు డబ్బు ఈ అమ్మాయి ట్యూషన్లు చెప్పి కూడబెట్టినది. పాటను శుభ్రం చేసి, గొంతులూ వాయిద్యాలూ తూకంగా కలిపిపెట్టినందుకు ఆ అబ్బాయి ఇచ్చుకున్నాడు. బాగానే ఉంది. కానీ గడప లేనంత మాత్రాన డబ్బు నడిచి వస్తుందా? 2024 నుంచి స్పాటిఫై, గడిచిన 12 నెలల్లో కనీసం వెయ్యిసార్లు వినని పాటను రికార్డింగు రాయల్టీ లెక్కలోకే తీసుకోవడం లేదు. వందలమంది విన్నా చేతికి సున్నాయే.

అసలు తిరకాసు తర్వాత వచ్చింది. ఊళ్ళోనే ఓ చిన్న సంస్థవారు, "పాట బాగుంది, మేం విడుదల చేస్తాం, ఒకేసారి ఇంత ఇస్తాం" అని కాగితం పంపారు. అమ్మాయి తెచ్చి చూపించింది. నిర్మాత చోట అబ్బాయి పేరొక్కటే ఉంది. ఈమె పేరు చివర్న "సహగానం" అని. మాటలు రాసిందెవరో ఆ కాగితంలో ఎక్కడా లేదు! అబ్బాయిని అడిగితే, "నేను చూసుకోలేదాంటీ" అన్నాడు. నిజమే చెప్పాడనుకుంటాను. మనవాళ్ళు చూసుకోకపోవడంవల్లే కదా ఇన్ని పేర్లు మాయమైంది.

నేను కథలు రాసుకునేదాన్ని కాబట్టి ఈ వ్యవహారం కాస్త తెలుసు. ఒక్క పాటలో హక్కులు ఒక్కటి కాదు. మాటలది వేరు, బాణీది వేరు, పాడిన గొంతుది వేరు, రికార్డింగుది వేరు. రికార్డింగు చేయించే పూనికా బాధ్యతా ఎవరివో వారినే చట్టం నిర్మాత అంటుంది. ఇక్కడ ఇద్దరూ ఖర్చు పెట్టారు, ఇద్దరూ నిర్మాతలే. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ ప్రకారం, మాటలు రాసినవారూ బాణీ కట్టినవారూ తమ హక్కు ఇంకొకరికి రాసిచ్చినా రాయల్టీలో సమాన వాటా వదులుకోవడానికి వీల్లేదు. వదులుకుంటున్నట్టు రాయించుకున్నా అది చెల్లదు. పాడినవారిగా తన పేరు చెప్పమని గాయని అడిగే హక్కూ అందులోనే ఉంది. ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి. సంతకం పెట్టే గదిలో మాత్రం ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల, "గొడవెందుకులే" అనుకుంటుంది.

వాళ్ళమ్మగారి భయం ఇంకోటి. "పరాయి అబ్బాయితో ప్రేమపాట, ఫొటో కూడా వేస్తారట, రేపు సంబంధాలవాళ్ళు ఏమంటారు వదినా?" అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సినిమాలో ఎవరో పాడితే ముచ్చటగా వింటాం, మన పిల్ల పాడితే గుండె దడ. నాకూ ఉంది కూతురు, ఆవిణ్ణి తప్పుపట్టలేను. అయినా ఒక్కమాట అడిగాను: "పేరు లేకుండా పాడితే సంబంధాలు బాగా వస్తాయంటావా?" ఆవిడ జవాబు చెప్పలేదు.

చివరికి ఆ సంస్థకు వద్దని చెప్పేశారు. మా వంటింటి బల్లమీద కూర్చుని ఓ తెల్లకాగితం మీద రాసుకున్నారు. మాటలు ఆమెవి, బాణీ అతనిది, రికార్డింగులో చెరి సగం, ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో. సాక్షిగా నా సంతకం. ఆ పక్క శుక్రవారం పాట విడుదలైంది. ముఖచిత్రంగా ఫొటో బదులు దుప్పటి కట్టిన కిటికీ బొమ్మ వేశారు. అది వాళ్ళమ్మగారు చెప్పిందే.

నిన్నటికి 640 సార్లు విన్నారట. అందులో వాళ్ళమ్మగారివే ఎన్నో! మూడో చరణం మొదట్లో, చెవి రిక్కించి వింటే, దూరంగా రైలు కూత వినిపిస్తుంది. తీసేద్దామనుకున్నారుగానీ కుదరలేదట.